ముల్లు సున్నా మీద ఉందా?
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



మన లెక్కల మాస్టారు ముందు వరుసలో కూర్చున్నారు. ఆయన బోర్డు మీద లెక్క చేస్తూ అప్పుడప్పుడు కావాలనే తప్పు వేసేవారు. ఎవరూ లేచి చెప్పకపోతే సుద్దముక్క పక్కన పెట్టి, "నేను రాశానని ఊరుకున్నార్రా?" అని అడిగేవారు. ఆ మాట నాకు ముప్పై ఏళ్ళ ఉద్యోగంలో పనికొచ్చింది. మా ఇంట్లో మాత్రం ఒక రోజు ఆలస్యంగా గుర్తొచ్చింది. ఇవాళ ఆ సంగతే చెబుతాను.

ఉద్దానం గురించి మీకు నేను చెప్పక్కర్లేదు. ఇచ్ఛాపురం, కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల్లో కిడ్నీ జబ్బు తగలని బంధువర్గం లేదు. కారణం ఇదీ అని ఇప్పటికీ తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం మొదలయ్యాయి. డయాలసిస్ కోసం విశాఖ బస్సెక్కే రోజులతో పోలిస్తే ఇది చాలా నయం. అయితే వైద్యం దగ్గరికి రావడం ఒకటి, అది ప్రమాదం లేకుండా జరగడం ఇంకొకటి.

మా అన్నయ్య వారానికి రెండుసార్లు డయాలసిస్‌కి వెళ్ళేవాడు. ఏ ఆసుపత్రో చెప్పను, అది ఇక్కడ అనవసరం. ఒంట్లో అదనపు నీరు లేనప్పుడు మనిషి ఉండాల్సిన బరువును డ్రై వెయిట్ అంటారు. అన్నయ్యది 58 కిలోలు. వచ్చిన రోజు 60 ఉంటే, నాలుగు గంటల్లో సుమారు రెండు లీటర్లు తీయాలి. లెక్క అంతా ఆ కాటా మీద ఆధారపడి ఉంటుంది.

ఒక రోజు కాటా 62 చూపించింది. "నీళ్ళు తెగ తాగేశావు" అని అన్నయ్యను కోప్పడ్డారు. నాలుగు లీటర్లు తీయడానికి మెషీన్ పెట్టారు. మూడో గంటకి కాళ్ళు కొంకర్లు పోయాయి, బీపీ పడిపోయింది, కళ్ళు తేలేశాడు. వెంటనే సెలైన్ ఎక్కించి నిలబెట్టారు. నేను పక్కనే ఉన్నాను.

తేరుకున్నాక మెల్లగా అన్నాడు: "ఎవులూ ఎక్కకుండానే ఆ ముల్లు రెండు మీదుందిరా తమ్ముడూ. పొద్దున్నే సూశాను."

"మరి చెప్పలేదేం?"

"ఆలు సదువుకున్నోలు. మనమేటి సెప్తాం? కోపమొచ్చి మళ్ళీ మంచం ఇవ్వకపోతే?"

వెళ్ళి చూశాను. ఖాళీ కాటా ముల్లు రెండు దగ్గర నిలబడి ఉంది. సున్నాకి తెచ్చే మర ఎవరి కాలో తగిలి తిరిగిపోయింది. అరనిమిషం పని. ఇంజనీరునై ఉండి నేను చూడలేదు. నర్సమ్మ నాలుగు మెషీన్ల మధ్య పరుగెడుతోంది, ఆమె చూడలేదు. చూసినవాడు ఒక్కడే, ఆయనకు నోరు లేదు.

నేను పనిచేసే విద్యుత్ కేంద్రంలో ప్రమాదం తృటిలో తప్పినా రిజిస్టర్‌లో రాస్తాం. రాసినవాణ్ణి తిట్టం. హెల్పర్ అయినా సరే, తేడా కనిపిస్తే పని ఆపమనవచ్చు. బాయిలర్‌కి ఇచ్చిన ఆ మర్యాద మనిషికి ఎందుకు ఇవ్వమని ఆ రాత్రంతా ఆలోచించాను.

ఇది మన ఊళ్ళ వెనుకబాటు అనుకోకండి. 2001లో అమెరికాలో పేరున్న జాన్స్ హాప్‌కిన్స్ ఆసుపత్రిలో జోసీ కింగ్ అనే పద్ధెనిమిది నెలల పాప కాలిన గాయాల నుంచి కోలుకుంటూ చనిపోయింది. ఒంట్లో నీరు తగ్గిపోవడం, ఇవ్వకూడని మత్తుమందు ఇవ్వడం కారణాలు. పాప దాహంతో అల్లాడుతోందని తల్లి సోరెల్ చెబుతూనే ఉంది. ఆ తల్లి తర్వాత ఆ ఆసుపత్రితోనే కలిసి రోగుల భద్రత కోసం పనిచేసింది. పిట్స్‌బర్గ్‌లోని ఒక ఆసుపత్రిలో 2005 నుంచి, పరిస్థితి విషమిస్తోందని అనిపిస్తే రోగి బంధువులే ఫోన్ చేసి అత్యవసర బృందాన్ని పిలిచే ఏర్పాటు వచ్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఏటా సెప్టెంబరు 17న రోగి భద్రతా దినం జరుపుతుంది. 2023లో దాని అంశం, భద్రతలో రోగులను భాగస్వాములను చేయడమే.

మళ్ళీ మా అన్నయ్య దగ్గరికి వస్తాను. మరుసటి వారం ఇద్దరం ఇన్‌ఛార్జి సిస్టర్‌ని కలిశాం. ఫిర్యాదు కాదమ్మా అని ముందే చెప్పాం. ఆమె విని, తెల్లకాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి కాటా పైన అంటించింది: "ఎక్కే ముందు ముల్లు సున్నా మీద ఉందో లేదో మీరే చూడండి. లేకపోతే మాకు చెప్పండి." చదవడం రానివాళ్ళకి అన్నయ్యే చదివి వినిపించేవాడు. నెల తిరగకముందే మిగతావాళ్ళూ నోరు విప్పారు. ఒకావిడ, దుప్పటి కప్పితే సూది జారినా కనబడదని, ఫిస్టులా ఉన్న చెయ్యి బయటికే ఉంచమంది. ఇంకొకాయన, ఆ చేతికి బీపీ పట్టీ కట్టొద్దని తనే గుర్తుచేశాడు.

ఒక జాగ్రత్త చెప్పాలి. భద్రత బరువు రోగి నెత్తిన పెట్టమని నేననడం లేదు. కాటా సరిచూడటం ఆసుపత్రి బాధ్యతే. నీరసంతో పడుకున్నవాణ్ణి కాపలా కాయమనడం అన్యాయం. ఆయన చూసింది చెప్పే చోటు, చెబితే కోపగించుకోరన్న ధైర్యం ఉండాలంతే. ప్రభుత్వాసుపత్రులకు అభివృద్ధి సంఘాలున్నాయి. వాటి సమావేశాల్లో భవనాలు, నిధుల సంగతులతోపాటు డయాలసిస్ రోగులు ఇద్దరు కూర్చుని, "ఈ నెల ఇది తేడాగా కనిపించింది" అని చెప్పగలగాలి. తర్వాతి నెల, దానికి ఏం చేశారో వాళ్ళకి చెప్పాలి. రెండోది లేకపోతే మొదటిది ఆగిపోతుంది.

మన సంఘానికి నా మనవి మూడు మాటలు. ఒకటి, రోగి జేబులో పట్టే పుస్తకం అచ్చువేయిద్దాం. డ్రై వెయిట్, వాడే మందులు, ఫిస్టులా ఏ చెయ్యి, నొప్పి మాత్రలు సొంతంగా కొనొద్దన్న హెచ్చరిక పెద్ద అక్షరాలతో ఉండాలి. ఖర్చు మా బ్యాచ్ పెట్టుకుంటుంది. రెండు, మనలో డాక్టర్లు, నర్సులు, ఫార్మసిస్టులు ఉన్నారు. ఆసుపత్రి వారి అనుమతితో నెలకో పూట రోగుల దగ్గర కూర్చుని వినండి. మూడు, డాక్టర్లయిన మిత్రులారా, రౌండ్స్‌లో చివర ఒక్క ప్రశ్న అడగండి: "మాకు చెప్పాలనుకున్నది ఏమైనా ఉందా?" అడగనిదే అమ్మైనా పెట్టదంటారు. మన వాళ్ళు అడగరు, కాబట్టి మనమే అడగాలి.

అన్నయ్య రెండేళ్ళ క్రితం వెళ్ళిపోయాడు. ఆ కాటా వల్ల కాదు, జబ్బు వల్లే. చివరిసారి వెళ్ళిన రోజు కూడా చక్రాల కుర్చీలోంచి వంగి ముల్లు చూశాడు.

మాస్టారూ, మీరు బోర్డు మీద వేసిన తప్పులు మేము కొన్నే పట్టుకున్నాం. మిగిలినవి ఇప్పుడు పట్టుకుంటున్నాం. ఆశీర్వదించండి.