వినికిడి లేని ఈతగాళ్ళు ఏ వరుసలో నిలుస్తారు?



రాయచూరు జిల్లాకు ఉత్తరాన కృష్ణ, దక్షిణాన తుంగభద్ర. నడుమ తుంగభద్ర ఎడమ కాలువ. సింధనూరు, మాన్వి ప్రాంతాల తెలుగు క్యాంపులలో ఎందరో పిల్లలకు ఈత నేర్పిన గురువు ఆ కాలువే. ఆ పిల్లలలో వినికిడి లేనివారూ ఉంటారు. గట్టు మీద నుండి పెద్దలు వేసే కేక వారికి చేరదు. అయినా నీటిలో వారి చేతులకు, కాళ్ళకు ఏ కొరతా ఉండదు. అటువంటి పిల్లవాడు బాగా ఈదుతున్నాడని గమనించిన వెంటనే తల్లిదండ్రులకు సాధారణంగా అందే సలహా ఒకటే: "పారాలింపిక్స్ పోటీలకు పంపండి." సలహా మంచి మనసుతో ఇచ్చినదే గాని, దారి మాత్రం అది కాదు.

పారా ఈతలో తరగతులు అంకెలతో ఉంటాయి. ఎస్1 నుండి ఎస్10 వరకు శారీరక లోపాలకు, ఎస్11 నుండి ఎస్13 వరకు చూపు లోపాలకు, ఎస్14 బుద్ధిపరమైన లోపాలకు. బ్రెస్ట్ స్ట్రోక్‌కు ఎస్‌బి అనీ, నాలుగు రీతులూ కలిసిన మెడ్లేకు ఎస్‌ఎమ్ అనీ వ్యవహారం. శారీరక లోపాల తరగతులలో అంకె తగ్గినకొద్దీ లోపం ఎక్కువ. బెంగళూరుకు చెందిన శరత్ గాయక్వాడ్ 2012 లండన్ పారాలింపిక్స్‌లో ఈదినది ఈ ఏర్పాటులోనే. ఈ అంకెలలో వినికిడికి చోటు లేదు. శరీరంలోని లోపం ఈతను ఎంత అడ్డుకుంటున్నదో కొలవడం ఆ వర్గీకరణ పని. వినికిడి లేకపోవడం చేతి విసురును, కాలి తాపును తగ్గించదు కదా.

దీని వెనుక మరొక చరిత్ర కూడా ఉన్నది. బధిరుల క్రీడోద్యమం పారాలింపిక్స్ కంటే పెద్దది, వయసులో. వికలాంగ సైనికుల కోసం ఇంగ్లండులోని స్టోక్ మాండవిల్‌లో పోటీలు మొదలైనది 1948లో. అంతకు ఇరవై నాలుగేళ్ళ ముందే, 1924 ఆగస్టులో, యూజీన్ రూబెన్స్ ఆల్కే అనే బధిరుని చొరవతో పారిస్ నగరంలో బధిరుల అంతర్జాతీయ క్రీడలు జరిగాయి. తొమ్మిది దేశాల నుండి 148 మంది పాల్గొన్నారు. ఈత ఆనాటి నుండే ఉన్నది. ఆ ఏడాదే ఏర్పడిన అంతర్జాతీయ బధిర క్రీడా సంఘం 1989లో పారాలింపిక్ సంఘంతో చేయి కలిపి, 1995లో విడివడింది. 2001 నుండి ఆ క్రీడలకు డెఫ్‌లింపిక్స్ అని పేరు. సంజ్ఞా భాష మాట్లాడే తాము ప్రధానంగా ఒక భాషా సముదాయమని బధిరులలో చాలామంది భావన. ఇన్ని భాషల నడుమ బతుకుతున్న ఈ ఊరికి ఆ మాట వివరించి చెప్పవలసిన పని లేదు.

ఆస్ట్రేలియా వంటి దేశాలలో దేశీయ పోటీల కొరకు బధిరులకు ఎస్15 అనే తరగతిని ఏర్పరచుకున్నారు. స్థానిక పోటీలలో అందరినీ ఒకే కొలనుకు చేర్చడానికి అది వీలైన మార్గమే. పారాలింపిక్స్‌లో మాత్రం ఆ తరగతి లేదు.

ఇక డెఫ్‌లింపిక్స్ కొలత. చూపుకు సులభమే గాని ఇక్కడ తొందరపడకూడదు. రెండు చెవులలో మెరుగైన చెవిని తీసుకుంటారు. 500, 1000, 2000 హెర్ట్జ్ స్థాయిలలో ఆ చెవికి వినబడే కనిష్ఠ ధ్వనిని కొలిచి, మూడింటి సగటు కడతారు. సగటు నష్టం కనీసం 55 డెసిబెళ్ళు ఉండాలి. ఒక బాలికకు కుడి చెవిలో 50, 55, 65. ఎడమ చెవిలో 70, 80, 90 వచ్చాయనుకోండి. కుడి చెవి సగటు 56.7, ఎడమ చెవి సగటు 80. మెరుగైనది కుడి చెవి. అదీ 55 దాటింది కనుక ఆమె అర్హురాలు. మరొక బాలునికి ఒక చెవి పూర్తిగా పోయి, రెండవ చెవి సగటు 45 మాత్రమే ఉంటే అర్హత లేదు. హెచ్చు స్థాయి ధ్వనులు మాత్రమే వినబడనివారికి కూడా చాలాసార్లు ఇదే గతి, ఎందుకంటే 2000 హెర్ట్జ్‌కు పైన ఏమి జరిగినా ఈ సగటులోకి రాదు. ఇది కఠినంగా తోచవచ్చు. అయితే ఎక్కడో ఒకచోట గీత గీయక తప్పదు.

గీత దాటిన తరువాత ఉపతరగతులు లేవు. 56 డెసిబెళ్ళవారూ, ఏ చప్పుడూ వినబడనివారూ ఒకే వరుసలో దూకుతారు. అందుకే పోటీ ఆవరణలోకి వచ్చేటప్పుడు వినికిడి యంత్రాలు, కాక్లియర్ ఇంప్లాంట్ బయటి భాగాలు తీసివేయాలన్న నియమం. ఇంప్లాంట్ చేయించుకున్నవారికి ప్రవేశం ఉన్నది, యంత్రానికి లేదు.

మన కుటుంబాలకు అసలు చిక్కు వేరొకచోట ఎదురవుతుంది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ప్రకారం రెండు చెవులలోనూ 70 డెసిబెళ్ళ నష్టం ఉన్నవారు బధిరులు. 60 నుండి 70 వరకు ఉన్నవారు వినికిడి మందగించినవారు. పైన చెప్పిన 56.7 బాలిక ఆ నిర్వచనంలోకి రాదు. ధ్రువపత్రం లభించలేదని ఆమె తండ్రి ఆసుపత్రి మెట్లు దిగి, క్రీడల ద్వారం కూడా మూసుకుపోయిందనుకుంటాడు. మూసుకుపోలేదు. అంతర్జాతీయ సంఘం చూసేది ధ్రువపత్రంలోని శాతాన్ని కాదు, ఆడియోగ్రామ్‌ను. దీనికి ఎదురు పొరపాటు కూడా ఉన్నది: చేతిలో ధ్రువపత్రం ఉన్నది కనుక ఇక పరీక్ష అక్కరలేదనుకోవడం. ఆడియోగ్రామ్ లేనిదే దరఖాస్తు ముందుకు కదలదు.

ఆ పరీక్ష కూడా సరైన వేళ చేయించాలి. జలుబు చేసి మధ్యచెవిలో నీరు చేరినప్పుడు వినికిడి తాత్కాలికంగా తగ్గుతుంది. ఆనాటి అంకెలు నమ్మదగినవి కావు. అందుకే గాలి ద్వారా వినికిడితో పాటు ఎముక ద్వారా వినికిడిని, కర్ణభేరి కదలికను కూడా పరీక్షిస్తారు. చెవి కారుతున్న పిల్లలను, కర్ణభేరికి రంధ్రమున్న పిల్లలను వైద్యుని అడగకుండా నీటిలోకి దింపరాదు. సమతౌల్యాన్ని కాపాడేదీ లోపలి చెవే. కొందరు బధిర పిల్లలకు నీటి అడుగున పైకీ కిందకీ భేదం తెలియక తడబాటు కలుగుతుంది. కాలువకు పంపే పెద్దలు ఈ సంగతి ఎరిగి ఉండాలి.

వర్గీకరణ కాగితం మీద ముగుస్తుంది. న్యాయం దూకే గట్టు మీద మొదలవుతుంది. పోటీ ఆరంభమంతా శబ్దమే. పొడవాటి ఈల వినబడితే గట్టెక్కాలి, ఆజ్ఞ వినబడితే వంగాలి, సంకేతం మోగితే దూకాలి. వినబడని బాలుడు పక్కవాని కదలిక చూసి దూకితే, 50 మీటర్ల పోటీ అక్కడే చేజారుతుంది. సెకనులో నూరవ వంతులతో గెలుపోటములు తేలే ఆట అది. కనుక తల ఎత్తకుండానే కనబడేటట్లు కింద అమర్చిన దీపం ద్వారా, లేదా ఆరంభకుని చేతి సైగ ద్వారా సంకేతం ఇస్తారు. పారా ఈత నియమాలలో కూడా ఇటువంటివారి పేరు పక్కన ఒక గుర్తు వేసి, దీపమో సైగో అవసరమని సూచించే పద్ధతి ఉన్నది. మనిషి చెవికి స్పందించినంత వేగంగా కంటికి స్పందించడు కనుక, దీపమున్నా వినేవారితో పోటీపడినప్పుడు రవ్వంత తేడా మిగులుతుంది. దూరం పెరిగితే ఆ తేడా కరిగిపోతుంది. దక్షిణాఫ్రికాకు చెందిన బధిర ఈతగాడు టెరెన్స్ పార్కిన్ 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో, వినేవారి నడుమనే, 200 మీటర్ల బ్రెస్ట్ స్ట్రోక్‌లో రజతం గెలిచాడు. అతనికి ఆరంభం తెలిపినది దీపమే.

అంత దూరం పోనక్కరలేదు. పొరుగున ఉన్న కర్నూలు నుండి షేక్ జాఫ్రీన్ టెన్నిస్‌లో, హైదరాబాదు నుండి ధనుష్ శ్రీకాంత్ రైఫిల్ షూటింగులో, 2022 మే నెలలో బ్రెజిల్‌లోని కాషియాస్ దో సుల్ నగరంలో జరిగిన డెఫ్‌లింపిక్స్‌లో పతకాలు గెలిచారు. ఆటలు వేరైనా దాటిన గీత అదే 55 డెసిబెళ్ళు.

ఈతలో ఆ దారి పట్టదలచినవారు మొదట చెవి, ముక్కు, గొంతు వైద్యుని వద్దకు వెళ్ళి, రెండు చెవుల ఆడియోగ్రామ్ అంకెలతో సహా అడిగి తీసుకోవాలి. "వినికిడి తక్కువ" అన్న ఒక్క వాక్యంతో తిరిగి రాకూడదు. సందేహం మిగిలితే మైసూరులో 1965లో స్థాపించిన అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ ఉన్నది. తరువాత బధిరుల క్రీడా సంఘాన్ని సంప్రదించాలి. జాతీయ స్థాయిలో అఖిల భారత బధిర క్రీడా మండలి ఉన్నది. ఈలోగా ఊరిలో పాఠశాల ఈత పోటీలు నిర్వహించేవారు ఒక దీపాన్నీ, అది కూడా లేనప్పుడు చేయి ఎత్తి దించే ఒక మనిషినీ గట్టు చివర నిలబెడితే చాలు.