చేతికి పని, చెవికి మాట

దైవచింతనకు ప్రత్యేకంగా ఒక వేళ కేటాయించగలిగినవారు అదృష్టవంతులు. తక్కినవారి మాట ఏమిటి? చీకటితోనే లేచి, వంట ముగించి, పిల్లలకు క్యారియర్లు సర్ది, సికిందరాబాదు స్టేషనులో లోకల్ రైలు అందుకొనే గృహిణి ఉన్నది. రాత్రి డ్యూటీ ముగించుకొని సిటీబస్సు ఎక్కే నర్సు ఉన్నది. మోకాళ్ళ నొప్పులతో గడప దాటలేని వృద్ధురాలు ఉన్నది. వీరికి భక్తి ఏ వేళలో సాధ్యం? ప్రశ్న పాతదే. దానికి మన కాలంలో దొరికిన సమాధానాలలో ఒకటి మాత్రం కొత్తది. దాని పేరు పాడ్‌కాస్టు.

ఈ పేరు 2004లో ఒక ఆంగ్ల పత్రికా రచయిత కలం నుండి వెలువడినది. జేబులో ఇమిడే ఐపాడ్ పేరును, ప్రసారమనే అర్థంగల బ్రాడ్‌కాస్టు మాటను కలిపి దీనిని కూర్చినారు. రికార్డు చేసిన ప్రసంగాన్ని ఇంటర్నెట్‌లో ఒకచోట ఉంచుతారు. కొత్త భాగం చేరినప్పుడల్లా ఆ సంగతి చందాదారు ఫోనుకు దానంతట అదే అందుతుంది. రేడియోకు మనం వేళ పాటించాలి. పాడ్‌కాస్టు మన వేళ కోసం వేచి ఉంటుంది. రేడియో ఇంటిల్లిపాదికీ ఒకటి. పాడ్‌కాస్టు ఎవరి చెవికి వారిది. ఈ రెండవ భేదంలో లాభమూ ఉన్నది, ప్రమాదమూ ఉన్నది.

అపొస్తలుడైన పౌలు రోమీయులకు వ్రాసిన లేఖలో విశ్వాసానికి చెవినే ద్వారంగా చూపినాడు. కాబట్టి క్రైస్తవులు వాయుతరంగాలను తొలినాళ్ళలోనే ఆశ్రయించటంలో వింత లేదు. వాటికను రేడియోను మార్కోని స్వయంగా నిర్మించి ఇవ్వగా, అది 1931లో ప్రారంభమయినది. ఫిలిప్పీన్సు నుండి 1969లో రేడియో వెరితాస్ ఆసియా గొంతు విప్పినది. తరువాతి కాలంలో దాని భాషలలో తెలుగు కూడా చేరినది. తెలుగు ప్రాంతపు కతోలిక బిషప్పుల ప్రసార, ప్రచురణ కేంద్రమైన అమృతవాణి మన సికిందరాబాదులోనే ఉన్నది. ఈ తెలుగు ప్రసారాలతో దానికి దగ్గర సంబంధం ఉన్నది. వెరితాస్ షార్ట్‌వేవ్ ప్రసారాలు 2018 జూన్ 30తో ముగిసినవి. కాని మాట ఆగలేదు. ఇంటర్నెట్ దారి పట్టినది. సముద్రాలు దాటివచ్చి, గరగర శబ్దాల నడుమ వినిపించిన గొంతుక నేడు ఫోనులో స్పష్టంగా పలుకుతున్నది.

పనిచేస్తూ దైవాన్ని స్మరించటం ఈ యంత్రం కనిపెట్టిన విద్య కాదు. 17వ శతాబ్దంలో పారిసు నగరపు కార్మెలు మఠంలో లారెన్సు అనే సోదరుడు ఉండేవాడు. పండితుడు కాడు, పూర్వాశ్రమంలో సిపాయి. మఠంలో వంటపని ఆయన వంతు. ఆ గిన్నెల మోత నడుమనే దేవుని సన్నిధిలో నిలవటం అభ్యసించినాడు. 1691లో ఆయన మరణించిన పిమ్మట సంభాషణలను, లేఖలను సంకలనం చేయగా, అవి నేటికీ చదవబడుతున్నవి. అంతకు ముందే, 16వ శతాబ్దంలో, మార్టిన్ లూథరు మరొక సంగతి బోధించినాడు: గురువు వృత్తికి మాత్రమే కాదు, తల్లి చేసే చాకిరికీ, చేతిపనివాని శ్రమకూ దైవపు పిలుపు ఉన్నదని. జీవితానికి అర్థం కోసం జీవితాన్ని విడిచి వెళ్ళనక్కరలేదని ఈ ఇరువురి భావం. చేతికి పని ఉన్నప్పుడు చెవికి ఒక మంచి మాట అందించే పాడ్‌కాస్టు ఈ భావానికి చక్కని సేవకురాలు.

అయితే ఆ మాట పలికేవారికి కొంత శిక్షణ కావాలి. మన క్రైస్తవుల ఇళ్ళలో విస్తారంగా చదివే తెలుగు బైబిలు భాష గ్రాంథికం. చర్చి వేదికమీద అది గంభీరంగా శోభిస్తుంది. కాని కూరలు తరుగుతున్న మనిషి చెవిలో పలికేటప్పుడు వేయిమంది సభకు పలికినట్లు గొంతెత్తితే ఆమె మనస్సు మూసుకొంటుంది. మైకు ముందు కూర్చున్నవారు ఒక్క మనిషితో మాట్లాడుతున్నట్లు మాట్లాడాలి. వాక్యం చదివిన తరువాత దాని భావాన్ని ఇంటి మాటలలో విప్పాలి. అధ్యాయాల సంఖ్యలు వరుసగా అప్పగిస్తే చెవికి నిలవవు. ఒక్క ఉపమానం నిలుస్తుంది. పరికరాల కొరత పెద్ద కొరత కాదు. దుప్పట్లు వేలాడదీసిన చిన్న గది, వాహనాల రొద మొదలుకాని తెల్లవారుజాము, ముందుగా వ్రాసుకొన్న పది నిమిషాల ప్రసంగం, వీటితో పని జరుగుతుంది. జరగనిది ఒక్కటే, క్రమం తప్పితే. 2021 జనవరిలో మైక్ ష్మిట్జ్ అనే అమెరికను ఫాదరు సంవత్సరంలో బైబిలు పూర్తిచేసే పాడ్‌కాస్టు ప్రారంభించగా, అది ఆ దేశంలో ఆపిల్ వారి పట్టికలో మొదటి స్థానం అందుకొన్నది. అందులో నాటకీయత లేదు. ప్రతిదినమూ కొంత చదవటం, కొంత వివరించటం, ప్రార్థించటం, అంతే. జనం ఆశించేది ఉపన్యాస వైభవం కాదు, దినభత్యం వంటి క్రమం.

వినేవారెవరో తెలియకుండా ఇట్లా ప్రతిదినం మాట్లాడటం సులభం కాదు. చప్పట్లు వినిపించవు. విన్నవారి సంఖ్య ఒకనాడు ఇరవై, ఒకనాడు పన్నెండు. ఆ సంఖ్య చూచి కుంగిపోయేవారు త్వరలోనే మానివేస్తారు. విత్తనం చల్లినవాడు ప్రతి గింజ వెంట పోడు గదా! ఫలం తన చేతిలో లేదని తెలిసి కూడా పనిని శ్రద్ధగా చేయటమే విశ్వాసమైతే, మైకు ముందు కూర్చోవటమే ఒక సాధన.

ఇక ప్రమాదం మాట. 2020 ఏప్రిల్ 12న ఈస్టరు పండుగ వచ్చినప్పుడు దేశమంతటా లాక్‌డౌన్ ఉన్నది. చర్చిల తలుపులు మూసి ఉన్నవి. ఎందరో విశ్వాసులు ఆనాటి ఆరాధనను ఫోనులోనే విన్నారు. ఆపద్ధర్మంగా అది ఎంతో మేలు చేసినది. తలుపులు తెరచిన తరువాత కూడా ఫోనే చాలుననుకొంటే మాత్రం అది మేలు కాదు. ప్రసంగాన్ని ఫోను వినిపించగలదు. పక్కింటి వితంతువు చేయి పట్టుకోలేదు, రోగి మంచం దగ్గర కూర్చోలేదు, అలిగిన అన్నదమ్ములను ఒక్క బల్ల వద్దకు చేర్చలేదు. విని ఆచరించనివానిని యాకోబు తన పత్రికలో అద్దంలో ముఖం చూచుకొని మరుక్షణమే మరచినవానితో పోల్చినాడు. దినమంతా వినగలిగిన మనకు ఈ పోలిక మరీ దగ్గరగా తగులుతుంది.

కాబట్టి శ్రోతలకు ఒక మనవి. మంచి మాట ఏ మతగ్రంథం నుండి విన్నా, చెవినుండి ఆ సాధనం తీసిన వెంటనే మొదట ఎదురయ్యే మనిషిని చూడండి. అత్తగారు కావచ్చు, బస్సు కండక్టరు కావచ్చు, పనిమనిషి కావచ్చు. విన్న మాట నిజమా కాదా అన్నది ఆ మనిషితో మీరు పలికే మొదటి మాటలో తేలుతుంది.