కాల్పుల తర్వాత పద్నాలుగేళ్లు

‘జై భీమ్ కామ్రేడ్’ ఆనంద్ పట్వర్ధన్ పద్నాలుగేళ్ల పాటు తీసిన డాక్యుమెంటరీ. 2011లో పూర్తయింది, నిడివి సుమారు మూడు గంటలు. అన్యాయాన్ని చిత్రించడానికి కెమెరాతో పాటు ఎంత ఓపిక కావాలో ఇంత బలంగా చూపిన భారతీయ చిత్రాలు అరుదు.

1997 జులై 11 ఉదయం ముంబయి ఘాట్కోపర్‌లోని రమాబాయి నగర్‌లో అంబేడ్కర్ విగ్రహానికి చెప్పుల దండ కనిపించింది. దళితవాడ జనం హైవే మీదికి వచ్చారు. రిజర్వు పోలీసులు కాల్పులు జరిపారు. పది మంది చనిపోయారు. కొద్ది రోజులకే గాయకుడు విలాస్ ఘోగ్రే ఉరివేసుకున్నారు. వామపక్ష వేదికల మీద పాడిన ఆ మనిషి చనిపోయే ముందు తలకు కట్టుకున్నది అంబేడ్కర్‌వాదుల నీలి గుడ్డ. పట్వర్ధన్ 1985 నాటి ‘బాంబే అవర్ సిటీ’లో పాడింది ఆయనే. వాళ్లిద్దరి స్నేహమే ఈ చిత్రానికి మూలం.

గ్యాస్ ట్యాంకర్లకు నిప్పు పెట్టబోయారు కాబట్టి కాల్చక తప్పలేదన్నది పోలీసుల వాదన. చిత్రం గొంతు పెంచదు. ఉన్న వీడియోనే పరిశీలించి, ట్యాంకర్లు ఎక్కడున్నాయో, మనుషులు ఎక్కడ పడిపోయారో ఆ దూరాన్ని చూపిస్తుంది. పోలీసు ఉద్యోగానికో, కోర్టులకో, పత్రికలకో వెళ్లబోయే పట్టభద్రులు ముందుగా చూడవలసింది ఈ భాగాన్నే.

మర్నాడు వచ్చే కెమెరాకు ఏడుపు దొరుకుతుంది. ఆ తర్వాతి కథ దొరకాలంటే ఏళ్లు పడుతుంది. కాల్పులకు ఆదేశించిన అధికారికి 2009లో గానీ శిక్ష పడలేదు, త్వరలోనే బెయిలూ వచ్చింది. కాల్పుల నాడు రాష్ట్రాన్ని ఏలుతున్న శివసేనతోనే కొందరు దళిత నేతలు తర్వాత పొత్తు కట్టారు. పుణేలోని కబీర్ కళా మంచ్ యువ గాయకులు నక్సలైట్లన్న ముద్ర పడి అజ్ఞాతంలోకి వెళ్లారు. ఇవన్నీ పాటల మధ్య నుంచే తెలుస్తాయి. వాడల్లో పాట వినోదం కాదు, పత్రిక.

ఇలాంటి చిత్రాలకు జనం దాకా చేరడమే పెద్ద పోరాటం. అయోధ్యపై పట్వర్ధన్ తీసిన ‘రామ్ కే నామ్’కు జాతీయ అవార్డు వచ్చినా దూరదర్శన్ ప్రసారం చేయనంది; కోర్టుకు వెళ్లాల్సి వచ్చింది. అందులో మతసామరస్యం గురించి నిర్భయంగా మాట్లాడిన పూజారి లాల్‌దాస్ 1993లో హత్యకు గురయ్యారు. కెమెరా ముందు నిజం చెప్పేవారు మోసే బరువు దర్శకుడి బరువు కన్నా ఎక్కువ.

హైదరాబాద్‌కూ ఇలాంటి సాక్ష్యం ఒకటుంది. 1984లో ఎన్టీఆర్ ప్రభుత్వాన్ని కూలదోసిన రోజుల్లో గణేశ్ నిమజ్జనం చుట్టూ రేగిన అల్లర్లపై దీపా ధన్‌రాజ్ 1986లో ‘క్యా హువా ఇస్ షహర్ కో?’ తీశారు. నాయకుల రెచ్చగొట్టే ప్రసంగాలు, కర్ఫ్యూలో కూలి కోల్పోయిన పాతబస్తీ పేదల మాటలు అందులో పక్కపక్కనే వినిపిస్తాయి. బెర్లిన్‌లోని ఆర్సెనల్ సంస్థ దాన్ని పునరుద్ధరించి 2013లో మళ్లీ తెర మీదికి తెచ్చింది.