అద్దములో దూరము

బనగానపల్లె నుండి యాగంటికి పోయినవారు పుష్కరిణి మెట్లపై నిలిచి నీటిలోనికి చూచియే యుందురు. కాళ్ళ చెంత నీటి అడుగునగల రాయి కనబడును. ఆవలి గట్టువైపు చూచినచో అదే నీటిలో కొండ తలక్రిందులుగా కనబడును. నీరొక్కటే గదా, ఈ భేదమెందుకు? నిట్టనిలువుగా పడు వెలుగులో నూటికి రెండు పాళ్ళు మాత్రమే నీరు త్రిప్పి పంపును. చూపు వాలినకొలది ఆ పాలు పెరుగును.

నిశ్చలమైన నీరును, గోడనున్న అద్దమును సమతల దర్పణములే. వస్తువు ముందెంత దూరమున నున్నదో ప్రతిబింబము వెనుక అంతే దూరమున తోచును; పరిమాణములో హెచ్చుతగ్గులు లేవు. నిలువెల్ల చూచుకొనుటకు నిలువెత్తు అద్దమే కావలెనని పలువురి నమ్మకము. మన ఎత్తులో సగము పొడవుగలది, తగిన చోట తగిలించినచో చాలును. వెనుకకు జరిగినను లెక్క మారదు. అద్దము కొనబోవు గృహిణులకిది పనికివచ్చు సంగతి.

లోనికి గుంటపడిన పుటాకార దర్పణము తీరు వేరు. స్టీలు చెంచా లోపలివైపున మన ముఖము తలక్రిందులై, చిన్నదై కనబడును. క్షౌరపుటద్దమును ఇట్టిదే కాని, దాని వంపు స్వల్పము. నాభికంటె దగ్గరగా ముఖము నుంతుము గనుక నిటారుగా, పెద్దదిగా చూపును. నక్షత్రముల వెలుగును ఒకచోటికి చేర్చునదియు ఈ జాతిదే. 1968లో ఉస్మానియా విశ్వవిద్యాలయమువారు హైదరాబాదు చేరువ రంగాపూరులో నెలకొల్పిన దూరదర్శిని అద్దము వెడల్పు 48 అంగుళములు.

ఇక వెలుపలికి ఉబ్బిన కుంభాకార దర్పణము. దీనిని గూర్చి కొంత నిలిచి చెప్పవలెను, ఏలన ఇది ప్రాణములతో పని. నంద్యాల నుండి గిద్దలూరు పోవు దారి నల్లమలలో మెలికలు తిరుగును. అట్టి దారులలో నడుచు బండ్ల ప్రక్క అద్దములు తరచుగా ఈ జాతివే. వెనుకనున్న విశాలమైన దారి నంతయు చిన్న బొమ్మగా కుదించి చూపుట వీని గుణము. ఆ కుదింపులోనే ప్రమాదమున్నది. వంపు వ్యాసార్ధము 2 మీటర్లుగల అద్దమునకు మీటరు దూరమున డ్రైవరు కన్నున్నదనుకొనుడు. అద్దమునకు 9 మీటర్ల వెనుక వచ్చు మోటారు సైకిలు, సమతల దర్పణములో కనబడుదానిలో ఇంచుమించు సగమే కనబడును. చిన్నదిగా కనబడినది దూరమున నున్నదని మనస్సు తలచును. కావున కంటికి 10 మీటర్ల దూరము 19 మీటర్లుగా తోచును. అంతలో ఆ సైకిలు ప్రక్కకు వచ్చియే యుండును!

కార్లలో ముందుగాజు మీది అద్దము సాధారణముగా సమతలము. ప్రక్క అద్దములో ఎవరైన వచ్చుచున్నారా యని చూచి, ఎంత దూరమున నున్నారో లోపలి అద్దములో సరిచూచుకొని, పిమ్మట బండిని ప్రక్కకు త్రిప్పవలెను.