గాజుతొట్టిలో సముద్రపు గుర్రం

నిజామాబాద్, బోధన్ ఇళ్లలో చేపల తొట్లు కొత్తేమీ కాదు. మరి వీడియో చూసిన పిల్లలు సముద్రపు గుర్రం కావాలంటే?

మొహం గుర్రానిదైనా అది చేపే. పిల్లల్ని సంచిలో మోసి కనేది మగది. దానికి జీర్ణాశయమే లేదు. తిన్నది ఒంట్లో నిలవదు కాబట్టి రోజుకు చాలాసార్లు సన్నరొయ్యల్లాంటి మేత పడాలి. ఈదడంలో మహా నెమ్మది. నాచుకాడను తోకతో చుట్టుకొని, మేత దగ్గరికొచ్చేదాకా కాచుకుంటుంది. తోడు చేపల చిక్కంతా ఇక్కడే! క్లౌన్, డామ్సెల్ లాంటి చురుకైనవి మేతంతా ముందే కాజేస్తాయి. పీతలు తోకను పట్టేస్తాయి. నత్తలు, చిన్న గోబీలు అయితే పరవాలేదు. పైగా నీళ్లు ఉప్పగా, 24 డిగ్రీల దగ్గర ఉండాలి. మే నెలలో 44 దాటే మన ఊళ్లో అది ఎంత ఖర్చో ఆలోచించండి.

అసలు అడ్డంకి చట్టం. 2001లో వీటిని వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో చేర్చారు. మన సముద్రంలో పట్టినా, అమ్మినా నేరం. ఎవరైనా అమ్మజూపితే అటవీశాఖకు చెప్పండి.

సరదా తీరాలంటే గప్పీలు, మోలీలు ఉన్నాయి. గట్టి బోరునీళ్లనూ ఓర్చుకుంటాయి, ఒకదానితో ఒకటి సర్దుకుపోతాయి. కుళాయి నీళ్లయితే క్లోరిన్ పోయాకే పోయండి. విసుగొచ్చిందని వాటిని బెల్లాల్ చెరువులోనో నిజాంసాగర్ కాలువలోనో మాత్రం వదలకండి. తెలిసినవారికి ఇచ్చేయండి.