అక్షరాలతో ముచ్చట: ఇంటర్నెట్ చాట్ తొలి పాఠాలు



మన సరిహద్దు జిల్లాల్లో బొంబాయికి మనిషి పోని వాడకట్టు అరుదు. నిజామాబాదు, బాసర, నాందేడు మీదుగా పోయే దేవగిరి ఎక్స్‌ప్రెస్‌లో మనవాళ్ల మూటలు, ముచ్చట్లు తరాలుగా ప్రయాణం చేశాయి. అంతకు ఎంతో ముందే, 18వ శతాబ్దం చివరినుంచి, నిజాం ఏలుబడిలోని తెలుగు పల్లెల కూలీలు బొంబాయిలో కట్టడాల పనికి చేరుకున్నారు. వారిని కామాఠీలు అన్నారు. వారు నివసించిన చోటు కామాఠిపురా అయింది. అంటే ఆ పేరు మన శ్రమజీవుల పేరు. తరువాత మిల్లుల్లో నేత పనికి పద్మశాలీలు వచ్చారు. వర్లీ బీడీడీ చాళ్లలోనూ, మరికొన్ని చోట్లా తెలుగు సంసారాలు స్థిరపడ్డాయి.

ఆ చాళ్లలో పుట్టి పెరిగిన పిల్లలకు ఇంటర్నెట్‌లో అక్షరాలతో మాట్లాడుకునే చాట్ ఎలా నేర్పాలి, ఎందుకు నేర్పాలి అన్నది నేటి మన అంశం. ఊళ్లో ఉన్న మనకూ ఇది పనికివచ్చే పాఠమే.

వెనకటి రోజుల్లో చదువురాని వలస కూలీ ఊరికి ఉత్తరం రాయాలంటే బొంబాయి పెద్ద పోస్టాఫీసు దగ్గర కూర్చునే ఉత్తరాల రాయసగాళ్లను ఆశ్రయించేవాడు. తన మనసులో మాట పరాయి మనిషికి చెప్పి, అతని చేత రాయించుకోవలసి వచ్చేది. ఇప్పుడు ఆ కూలీ మనవరాలికి చదువు వచ్చింది. చేతిలో ఫోను ఉంది. మధ్య మనిషి అక్కరలేదు. అయితే రాసి మాట్లాడటానికి కూడా ఒక పద్ధతి ఉంది. అది నేర్చుకోవాలి.

ఇంటర్నెట్ రిలే చాట్, పొట్టిగా ఐఆర్‌సీ, 1988లో ఫిన్లాండులోని ఔలు విశ్వవిద్యాలయంలో పుట్టింది. యార్కో ఓయ్‌కారినెన్ అనే ఆయన దీన్ని తయారుచేశారు. 1991 ఆగస్టులో సోవియట్ దేశంలో తిరుగుబాటు జరిగి పత్రికలకు, ప్రసారాలకు కట్టడి వచ్చినప్పుడు కబుర్లు బయటికి చేరిన దారుల్లో ఇది ఒకటి. మన దేశంలో 1995 ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ సామాన్యులకు ఇంటర్నెట్ ఇచ్చింది. తొలి నగరాల్లో బొంబాయి ఒకటి. అప్పుడు బొమ్మలు లేకుండా, వట్టి అక్షరాలే కనిపించే షెల్ ఖాతా ఉండేది. వట్టి అక్షరాలతో నడిచే చాట్‌కు అది సరిపోయేది.

ఇక ఇది పనిచేసే తీరు చూద్దాం. చాళ్‌ను తెలిసినవారికి ఇది సులువుగా అర్థమవుతుంది. చాళ్‌లో గదులు చిన్నవి, గదుల ముందు పొడుగాటి వరండా ఒకటి ఉంటుంది. వరండాలో నిలబడి మాట్లాడితే అక్కడున్న అందరికీ వినపడుతుంది. చాట్‌లో ఆ వరండాను చానెల్ అంటారు. దాని పేరు హాష్ గుర్తుతో మొదలవుతుంది. మనం పెట్టుకునే పిలుపు పేరు నిక్. మన ఫోనులోనో కంప్యూటరులోనో నడిచే ప్రోగ్రాం క్లయింట్. మాటను అందుకుని పంపించే యంత్రం సర్వర్. ఒక సర్వర్ మరొక సర్వర్‌కు, అది ఇంకొక దానికి, గల్లీ నుంచి గల్లీకి కబురు పోయినట్టు అందిస్తాయి. రిలే అన్న మాట అందుకే వచ్చింది. రెండు సర్వర్ల మధ్య లంకె తెగితే సగం మంది ఒక్కసారిగా మాయమైనట్టు కనిపిస్తారు. వాళ్లు అలిగి పోయారని అనుకోకండి. లంకె కలవగానే తిరిగి కనిపిస్తారు.

ఇలాంటి సర్వర్ల గుంపు ఒక నెట్‌వర్క్. ఒక నెట్‌వర్క్‌లో ఉన్నవారు మరొక దానిలో ఉన్నవారికి కనపడరు. ఒకరు వర్లీ చాళ్ వరండాలో, మరొకరు కామాఠిపురా వరండాలో నిలబడి ఎదురుచూస్తే ఎలా కలుస్తారు? అందువల్ల ముందే మూడు సంగతులు అనుకోవాలి: ఏ నెట్‌వర్క్, ఏ చానెల్, ఏ వేళ. వేళ ఎందుకంటే, మీరు లేనప్పుడు జరిగిన మాటలను ఈ పాతకాలపు చాట్ సాధారణంగా దాచిపెట్టి ఇవ్వదు.

ఆజ్ఞలు కొద్దిపాటివే. ప్రతి ఆజ్ఞకు ముందు వాలుగీత, అంటే స్లాష్ ఉంటుంది. స్లాష్ నిక్ అంటే పేరు మార్చుకోవడం. స్లాష్ జాయిన్ అని చానెల్ పేరు రాస్తే లోపలికి వెళతాం. స్లాష్ ఎంఎస్‌జీ అని ఒకరి నిక్ రాసి మాట రాస్తే అది వారికి మాత్రమే పోతుంది. స్లాష్ పార్ట్ అంటే చానెల్ విడిచిపెట్టడం, స్లాష్ క్విట్ అంటే పూర్తిగా సెలవు తీసుకోవడం. ఈ ఐదూ వస్తే చాలు. ఈ ఆజ్ఞలు ఇంగ్లీషు అక్షరాల్లో రాయాలి. మాటలు మాత్రం తెలుగులో రాయవచ్చు.

తెలుగు రాసేవారు ఒక లెక్క తెలుసుకోవాలి. 1993లో రాసిన నియమం ప్రకారం ఒక వరుసకు హద్దు 512 బైట్లు. ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు పడితే, నేటి పద్ధతిలో ఒక్కొక్క తెలుగు గుర్తుకు మూడు పడతాయి. గుణింతమూ పొల్లూ వేరువేరు గుర్తులే. అమ్మ అన్న మాటను ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తే నాలుగు బైట్లు, తెలుగులో రాస్తే పన్నెండు. ఆ వరుసలోనే పంపినవారి గుర్తు, చానెల్ పేరు కూడా ఇమడాలి. కనుక తెలుగు వాక్యం సుమారు 150 గుర్తులు దాటితే తోక తెగిపోవచ్చు. చిన్న వాక్యం రాసి పంపి, తరువాత ఇంకొకటి రాయాలి. అయినా ఇది తేలిక సరుకే. రెండు మెగాబైట్ల ఫోటో ఒకటి పంపే బరువులో ఇలాంటి నిండు వరుసలు సుమారు 4,000 పోతాయి. సిగ్నల్ అంతంత మాత్రంగా ఉన్న పల్లెకు ఇది మేలు.

మర్యాద విషయం. ఇంగ్లీషులో అంతా పెద్ద అక్షరాల్లో రాస్తే అరిచినట్టు లెక్క. మన లిపిలో పెద్ద, చిన్న అక్షరాల తేడా లేదు గనుక ఆ బాధ లేదు. మనకున్న చిక్కు వేరు. అవతలివారి వయసు తెలియదు. నువ్వు అనాలా, మీరు అనాలా? తెలియనప్పుడు మీరు అనడమే మేలు. ప్రశ్న ఉంటే, అడగవచ్చునా అని అడిగి ఊరుకోకుండా సూటిగా అడిగి, ఓపికగా ఎదురుచూడాలి. ఉచిత సాఫ్ట్‌వేర్ నేర్చుకునేవారికి జవాబు చెప్పే నిపుణులు ఇప్పటికీ ఇలాంటి చానెళ్లలో ఉంటారు. 2021లో మొదలైన లిబెరా చాట్ అలాంటి నెట్‌వర్కే. దానికి ఫోను నంబరు చెప్పనక్కరలేదు, రుసుము లేదు. ట్యూషన్‌కు డబ్బు లేని చాళ్ పిల్లకు ఇది చిన్న సాయం కాదు.

ఇప్పుడు జాగ్రత్తలు. చాలా నెట్‌వర్క్‌లలో నిక్‌ను నమోదు చేసుకుని రహస్యపదం పెట్టుకోవచ్చు. ఆ రహస్యపదం పంపేటప్పుడు స్లాష్‌కు ముందు ఖాళీ పడితే, అది ఆజ్ఞ కాకుండా మామూలు మాటగా పోవచ్చు. అప్పుడు మీ రహస్యం వరండా అంతా చదువుతుంది. కనుక చానెల్‌లో చేరకముందే ఆ పని ముగించాలి. స్లాష్ హూఈజ్ అనే ఆజ్ఞతో మీరు ఏ చోటినుంచి కలిశారో కొంతవరకు ఇతరులకు తెలియవచ్చు. కనుక నిక్ మారిస్తే మనిషి దాగిపోతాడని నమ్మకూడదు. అక్కడున్నవారిలో ఎవరైనా మాటలన్నీ నకలు తీసి పెట్టుకోవచ్చు. ఉద్యోగం ఇప్పిస్తాం, ఒంటరిగా రమ్మనే వారి మాట ఇంట్లో పెద్దలకు చెప్పకుండా వినకూడదు.

చివరిగా అసలు సంగతి. తొలి రోజుల చాట్‌లో కొత్తవారిని అడిగే మొదటి ప్రశ్నలు మూడు: వయసెంత, ఆడా మగా, ఎక్కడివారు? ఈ మూడో ప్రశ్న దగ్గర కామాఠిపురా పిల్లకు వేళ్లు ఆగిపోతాయి. ఆ పేటలో కొన్ని గల్లీల మీద పడ్డ ముద్రను లోకం పేట మొత్తానికీ అంటగట్టింది. కాలేజీ ఫారంలోనూ, ఉద్యోగం దరఖాస్తులోనూ చిరునామా రాయడానికి జంకే పిల్లలు, పక్క పేట పేరు చెప్పే పిల్లలు ఉన్నారు. చాట్‌లో ముఖం లేదు, ఇల్లు లేదు, రాసిన మాటే మనిషి. ఆ పిల్ల ముందు తన తెలివితో పరిచయమవుతుంది. ఆ అవకాశం విలువైనది.

అయితే పిల్లలకు మనం రెండు మాటలు విడదీసి చెప్పాలి. గది నంబరు, గల్లీ, బడి, ఫోను నంబరు చెప్పకపోవడం జాగ్రత్త. అది కామాఠిపురాలో ఉన్నా మలబార్ హిల్‌లో ఉన్నా, మన ఊళ్లో ఉన్నా అందరికీ ఒకటే. పేటను తలచుకుని తల దించుకోవడం మాత్రం సిగ్గు. దాని అవసరం లేదు. 1873లో జ్యోతిరావు ఫూలే స్థాపించిన సత్యశోధక సమాజానికి అండగా నిలిచినవారిలో బొంబాయి తెలుగు మేస్త్రీలు ఉన్నారు. ఆ నగరపు గోడల్లో కామాఠీల చెమట ఉంది. చెప్పను అనడం వేరు, చెప్పుకోలేను అనడం వేరు. ఈ తేడా తెలిసిన పిల్లకు చాట్ భయం కాదు.

శ్రోతలారా, మీ అక్క బిడ్డో, చిన్నాయన మనవడో బొంబాయిలో ఉంటే, ఈసారి ఫోనులో నెట్‌వర్క్, చానెల్, వేళ అనుకోండి. తెలుగు మాట్లాడగలిగి రాయలేని ఆ పిల్లలతో రోజుకు నాలుగు వరుసలు మన లిపిలో రాయించండి. తప్పులు వస్తే నవ్వకండి. మన యాసలోనే రాయనివ్వండి. రాయగా రాయగా అక్షరం కుదురుతుంది, చుట్టరికమూ నిలుస్తుంది.