10 పౌండ్లకు కొన్న ఇల్లు

1896లో ఇంగ్లండ్‌లో ఒక ఇల్లు కేవలం 10 పౌండ్లకు అమ్ముడుపోయింది. కొన్నది నేషనల్ ట్రస్ట్. ఆ సంస్థ పుట్టి అప్పటికి ఏడాదే. అది కొన్న మొట్టమొదటి బిల్డింగ్ ఇదే.

ఈస్ట్ ససెక్స్‌లో ఆల్‌ఫ్రిస్టన్ అనే చిన్న ఊరు. అక్కడ చర్చి పక్కనే ఉంటుంది ఈ క్లర్జీ హౌస్, అంటే చర్చి ఫాదర్ గారి ఇల్లు అన్నమాట. వయసు సుమారు 600 ఏళ్లు.

ముందు నుంచి చూస్తే మూడు భాగాలు కనిపిస్తాయి. రెండు చివర్లా కిందా పైనా గదులు. పై గదులు కొంచెం ముందుకి పొడుచుకొచ్చి ఉంటాయి. మధ్యలో హాల్. దానికి మేడ లేదు, కింద నుంచి కప్పు దాకా ఖాళీయే. మూడింటి మీదా ఒకటే గడ్డి కప్పు.

మరి హాల్ మీద గది ఎందుకు వేయలేదు? ఎందుకంటే అప్పట్లో ఇలాంటి ఇళ్లకి పొగగొట్టం ఉండేది కాదు. మంట హాల్‌లో నేల మీదే. పొగ పైకి లేచి కప్పులోంచి బయటికి పోవాలి. అంటే ఆ ఖాళీ వేస్ట్ స్పేస్ కాదు బాస్, అదే పొగకి దారి!

గోడలు చూడండి. ఓక్ చెక్క ఫ్రేమ్, మధ్యలో తడికలు, వాటి మీద మెత్తిన మట్టి. నేల అయితే ఇంకా వింత. సుద్దరాయిని దంచి, పులిసిన పాలు పోసి గట్టిపరిచారు. అన్నీ చుట్టుపక్కల దొరికేవే.

1890ల నాటికి ఇల్లు కూలిపోయే స్థితికి వచ్చింది. కూల్చేయడం ఈజీ. కానీ ఆ చర్చి ఫాదర్ గారు ఊరుకోలేదు, సాయం కోసం తిరిగారు. ట్రస్ట్ స్థాపకుల్లో ఒకరైన ఆక్టేవియా హిల్ గట్టిగా నిలబడ్డారు. కొనడానికి 10 పౌండ్లు, బాగు చేయడానికి మాత్రం దానికి ఎన్నో రెట్లు.

అయినా ఎందుకు కొన్నారు? అది రాజుగారి కోట కాదు కదా! మామూలు మనుషులు ఎలా బతికారో చెప్పే ఇళ్లే ముందు మాయమైపోతాయి, అందుకు.

మా అమ్మమ్మ వాళ్లదీ తడిక గోడల ఇల్లే. కూల్చినప్పుడు నేను బీటెక్‌లో ఉన్నా. చేతిలో ఫోన్ ఉంది, ఒక్క ఫొటో తీయలేదు. ఆ పొయ్యి ఏ మూల ఉండేదో ఇప్పుడు అడుగుదామంటే అమ్మమ్మ లేదు.

మీ ఊళ్లో అలాంటి ఇల్లుంటే ఈ సెలవులకి వెళ్లి ఫొటోలు తీయండి. ఏ గది ఎందుకో పెద్దవాళ్లని అడిగి రికార్డ్ చేయండి.